బకీ చావు, ఒక తుపాకీ గుండు: కెప్టెన్ అమెరికా మనోగాయాలను రచయితలు చదివిన తీరు

1964 మార్చి సంచికగా వచ్చిన మార్వెల్ కామిక్స్ వారి అవెంజర్స్ నాలుగో పుస్తకంలో, మంచులో గడ్డకట్టి దొరికిన సైనికుడు, అంటే కెప్టెన్ అమెరికా, స్పృహ వస్తూనే బకీ పేరు పెట్టి అరుస్తాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో పేలుడు పదార్థం అమర్చిన విమానాన్ని ఆపబోయి ఇతను పట్టుజారి సముద్రంలో పడ్డాడు. దాన్ని వదలని కుర్ర సహచరుడు బకీ పేలుడులో పోయాడు. స్టాన్ లీ, జాక్ కర్బీ ఈ సన్నివేశం అల్లేనాటికి పీటీఎస్‌డీ (ఘోరం చూసినవాళ్లను తర్వాతా వెంటాడే మానసిక రుగ్మత) అనే రోగనిర్ధారణే లేదు. అమెరికా మనోవైద్యుల సంఘం దాన్ని మానసిక రుగ్మతల లక్షణాలు చెప్పే తన మాన్యువల్‌లో చేర్చింది 1980లో.

అయినా ఆ అరుపులో ఒక నిజం ఉంది. అది జరిగిపోయిన పేలుడు గురించి కాదు, పేలబోయే ముందు క్షణం గురించి. 2002లో మనస్తత్వ పరిశోధకురాలు ఆంకే ఏలర్స్ బృందం చెప్పింది ఇదే: బాధితుల మనసులోకి పదేపదే చొరబడేది చాలాసార్లు ఘోరం కాదు, దానికి కాస్త ముందు కనిపించినదో వినిపించినదో. మెదడు దాన్ని ప్రమాద సూచనగా దాచుకుంటుంది. ఆ కథలోనే రిక్ జోన్స్ అనే కుర్రాణ్ణి చూసి కెప్టెన్ బకీ అని భ్రమపడతాడు. పోలిక కొంచెం ఉన్నా చాలు, పాత జ్ఞాపకం లేచి కూర్చుంటుంది. తర్వాతి రచయితల్లో చాలామంది ఈ సూక్ష్మాన్ని వదిలేసి, విమానం పేలే బొమ్మనే మళ్లీ మళ్లీ వేశారు. పైన తేదీ వేసి, జరిగింది వరసగా చెప్పే ఫ్లాష్‌బ్యాక్ పాఠకుడి కోసం రాసింది. నిజంగా చొరబడే జ్ఞాపకానికి తేదీ ఉండదు. అది ముక్కగా వస్తుంది, ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది, పిలవకుండానే వస్తుంది.

‘ఇన్నేళ్లయినా బకీ కోసం ఏడుపేనా’ అని విసుక్కునే పాఠకులున్నారు. ఈ విషయంలో నేను రచయితల పక్షం. భయాన్ని తగ్గించే అభ్యాసం పాత జ్ఞాపకాన్ని తుడిచేయదు, దాని మీద ‘ఇక్కడ ప్రమాదం లేదు’ అనే కొత్త పాఠాన్ని పరుస్తుంది. పాత పాఠం అడుగున అలాగే ఉంటుంది. కొంతకాలం గడిస్తే అణగిన స్పందన తనంతట తాను తిరిగి రావడం పావ్‌లోవ్ తన కుక్కల్లోనే చూశాడు. పరిసరాలు మారినా వస్తుంది. నెలనెలా కొత్త నగరం, కొత్త శత్రువు ఎదురయ్యే మనిషికి పాత భయం తిరగబెట్టడం రచయిత బద్ధకమే కానక్కర్లేదు.

అసలు చిక్కు భయం దగ్గర కాదు, అపరాధ భావం దగ్గర. 2013లో వచ్చిన మాన్యువల్ ఐదో కూర్పు, జరిగినదానికి కారణాన్ని వక్రంగా అర్థం చేసుకుని తనను తాను నిందించుకోవడాన్ని పీటీఎస్‌డీ లక్షణాల్లో చేర్చింది. బకీ విషయంలో కెప్టెన్ బాధ అలాంటిదే. అతను ఆపగలిగి ఆపకపోలేదు, పట్టు జారింది. ఇలాంటి నిందను కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ విప్పగలదు. మామూలుగా 12 సెషన్లు. ‘నా వల్లే పోయాడు’ అనే వాక్యాన్ని కాగితం మీద పెట్టి, ఆ క్షణంలో నీకు ఏం తెలుసు, ఏం చేయడానికి వీలుంది అని అడుగుతూ సాక్ష్యాన్ని పరీక్షిస్తారు.

మరి నింద వక్రం కాకపోతే? మార్క్ గ్రూన్‌వాల్డ్ పదేళ్లు ఈ పాత్రను రాశాడు. 1986 నాటి ‘కెప్టెన్ అమెరికా’ 321వ సంచికలో బందీల మీదికి కాల్పులు జరుపుతున్న ఉగ్రవాదిని కెప్టెన్ తుపాకీతో కాల్చి చంపుతాడు. బందీలు బతుకుతారు. లెక్క ప్రకారం చేసింది సరైనదే. కానీ గ్రూన్‌వాల్డ్ రాసిన కెప్టెన్ ఎవరి ప్రాణమూ తీయకూడదనే నియమాన్ని తన ఉనికిగా పెట్టుకున్నవాడు, అందుకే తర్వాతి సంచికలోనూ ఆ చావు అతన్ని వదలదు. 2009లో బ్రెట్ లిట్జ్, సహపరిశోధకులు నైతిక గాయాన్ని వివరించింది ఈ దిశలోనే: గాఢంగా నమ్మిన విలువకు విరుద్ధమైన పని తానే చేయడం, ఆపలేకపోవడం, లేదా కళ్లారా చూడడం. ఈ గాయం ఉన్నవాడికి ‘నీ తప్పేం లేదు’ అని చెప్పే చికిత్సకుడు వెంటనే నమ్మకం పోగొట్టుకుంటాడు. ఎక్స్‌పోజర్ చికిత్సలో జ్ఞాపకాన్ని పదేపదే చెప్పిస్తే భయం తగ్గుతుంది, ఎందుకంటే ఊహించిన ప్రమాదం రాదు. కాల్చానన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా అబద్ధం కాదు.

అంతకుముందే ఈ పాత్రను రాసిన స్టీవ్ ఎంగల్‌హార్ట్ పట్టుకున్నది మరో కోణం. 1974లో, అధ్యక్షుడు నిక్సన్‌ను చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణం నడుస్తుండగా, 175వ సంచికలో కెప్టెన్ ఒక రహస్య ముఠా నాయకుణ్ణి వైట్‌హౌస్‌లోకి తరుముతాడు. ముఖం మనకు చూపించరు, పదవి చాలా పెద్దదని మాత్రం తెలుస్తుంది. కెప్టెన్ తన గుర్తయిన డాలు పక్కన పెట్టేసి, కొన్నాళ్లు నోమాడ్ అనే పేరుతో తిరుగుతాడు. వియత్నాం సైనికులకు చికిత్స చేసిన జోనథన్ షే 1990లలో నైతిక గాయానికి ఇచ్చిన నిర్వచనంలో మూడు భాగాలు: న్యాయమైనదానికి ద్రోహం, అధికారంలో ఉన్నవాడి చేతుల్లో, ప్రాణం మీదికొచ్చే పరిస్థితిలో. మూడూ ఆ పేజీల్లో ఉన్నాయి.

కానీ అదే ఎంగల్‌హార్ట్ 1972లో ఒక సులువైన దారి పట్టాడు. 1950లలో కమ్యూనిస్టులను చావబాదిన కెప్టెన్ కథలు అప్పటికే అచ్చయి ఉన్నాయి. మంచులో ఉన్నవాడు అవన్నీ ఎలా చేస్తాడు? అది వేరే మనిషి, కెప్టెన్‌కు బలమిచ్చిన లాంటి సీరం వికటించి మతి చెడినవాడు అని తేల్చాడు. కథ బాగుంటుంది, మచ్చ మాత్రం నాయకుడి నుంచి మరొకడికి బదిలీ అయింది. నైతిక సంక్లిష్టతను తప్పించుకోవడానికి కామిక్స్‌లో ఎక్కువగా వాడిన ఉపాయం ఇదే.

2005లో స్టీవ్ ఎప్టింగ్ బొమ్మలతో ఈ పాత్రను రాయడం మొదలుపెట్టిన ఎడ్ బ్రూబేకర్ ఆ ఉపాయం జోలికి పోలేదు. బకీ చావలేదన్నాడు: సోవియట్‌వాళ్లకు ఒక చేయి పోయి దొరికాడు, జ్ఞాపకాలు లేని హంతకుడిగా వాళ్లు వాడుకున్నారు, పనికీ పనికీ మధ్య గడ్డకట్టించి దాచారు. 14వ సంచికలో కెప్టెన్ కోరింది జరిపించే కాస్మిక్ క్యూబ్ పట్టుకుని, నువ్వెవరో గుర్తు తెచ్చుకో అని ఆజ్ఞాపిస్తాడు. మామూలు కథలో అక్కడితో రోగం కుదిరిపోతుంది. ఇక్కడ జ్ఞాపకం తిరిగి రావడమే గాయం. చంపిన ముఖాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, బకీ ఆ క్యూబ్‌ను చేత్తో నలిపేస్తాడు. ఇన్నేళ్లుగా బకీ చావుకు తానే కారణమని కుమిలిన మనిషి మంచి మనసుతో చేసిన పని అది.

ఆ తర్వాత బ్రూబేకర్ తొందరపడలేదు. లిట్జ్ బృందం అభివృద్ధి చేసిన అడాప్టివ్ డిస్‌క్లోజర్ చికిత్సలో, తాను గౌరవించే పెద్దమనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని చేసింది చెప్పుకోవడం ఒక మెట్టు, నష్టాన్ని కొంతైనా పూడ్చే పనులకు పూనుకోవడం మరొకటి. కెప్టెన్ చనిపోయాడనుకున్నాక, 2008లో బకీ డాలు అందుకుని తానే కెప్టెన్ అమెరికా కావడం ఆ రెండో మెట్టులా చదువుకోవచ్చు. తర్వాత అతని పాత హత్యలు బయటపడి కోర్టుకెక్కాయి. మనసు అతని వశంలో లేదన్నది అమెరికా కోర్టులో అతని తరఫు వాదన. ఆ తర్వాత రష్యా అతన్ని తమ జైలుకు పట్టుకుపోయింది.