రెండు గీతలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

మొన్న సోమవారం ఓపీలో ఒకమ్మాయి కుర్చీలో కూర్చుంటూనే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ పేపర్ పొట్లం తీసి టేబుల్ మీద పెట్టింది. విప్పితే నాలుగు ప్రెగ్నెన్సీ కిట్లు, ఒక్కోదాని వెనక పెన్నుతో తేదీ, టైము రాసి ఉన్నాయి. మొదటిది పీరియడ్ రావాల్సిన రోజుకు ఐదు రోజుల ముందు చేసింది, ఒక్క గీత. రెండోది మర్నాడు, అదీ ఒక్క గీతే, కానీ సాయంత్రం చెత్తబుట్టలోంచి మళ్లీ తీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే రెండో గీత లీలగా కనిపించిందట. మూడోది చేసే ముందు మూత్రం రావడం లేదని మూడు గ్లాసుల నీళ్లు తాగింది. నాలుగోదానికి డ్రాపర్‌లో ఉన్నదంతా పోసేసింది, అసలు గీతలే రాలేదు. "మేడమ్, వీటిల్లో ఏది నిజం?"

ఏదీ అబద్ధం చెప్పలేదు. జవాబు తయారయ్యే రోజుకు ముందే అడిగింది, అంతే.

నేను గైనకాలజిస్టుని, చిన్న టౌన్‌లో ప్రాక్టీసు. రోజూ ఇవే మాటలు వింటాను కాబట్టి ఒకసారి రాసి పెడితే కొందరికైనా టెన్షన్ తగ్గుతుందని రాస్తున్నాను. ఒక్కటి ముందే చెప్పేస్తా. ఆ కిట్‌కి తెలిసింది ఒకే విషయం: ఈ రోజు ఈ మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్ సరిపడా ఉందా లేదా. గర్భం ఎక్కడ ఉంది, ఎన్ని వారాలు, బాగుందా, ఇవేవీ దానికి తెలియవు. మనం మాత్రం అవన్నీ దాన్నే అడుగుతాం.

అపోహ: వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే నెల తప్పినట్టే

సినిమాల పుణ్యం ఇది. కోడలు కళ్లు తిరిగి పడిపోతుంది, ఓ పెద్దావిడ నాడి పట్టుకుంటుంది, ఆవిడ మొహం వెలిగిపోతుంది. నాడి చూసి గర్భం చెప్పడం ఎవరి వల్లా కాదు. నా వల్ల కూడా కాదు.

వేవిళ్లు మామూలుగా మొదలయ్యేది ఆరో వారం దగ్గర, అంటే పీరియడ్ తప్పి ఇంచుమించు రెండు వారాలయ్యాక. తొమ్మిదో వారానికి బాగా ముదురుతాయి, చాలామందికి 12 నుంచి 16 వారాల మధ్య తగ్గిపోతాయి, కొందరికి అసలు ఉండనే ఉండవు. అందుకే డేట్‌కి ఇంకా రెండు రోజులుందనగా "వికారంగా ఉంది మేడమ్, కన్ఫర్మేనా" అంటే నేను ముందు రాత్రి ఏం తిన్నారో అడుగుతాను.

మరి రొమ్ముల్లో నొప్పి, పొట్ట ఉబ్బరం, నీరసం, ఊరికే ఏడుపు రావడం? ఇవి ప్రొజెస్టిరాన్ పనులు. అండం విడుదలయ్యాక ప్రతి నెలా ఆ హార్మోన్ పెరుగుతుంది, గర్భం వచ్చినా రాకపోయినా. పీరియడ్ రాబోయే ముందు లక్షణాలు, గర్భం తొలి లక్షణాలు ఒకేలా ఉండేది అందుకే. డేట్ దాటకముందు ఒంట్లో తేడా చూసి తేల్చుకోవడం కుదరదు, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా. మూత్రం మాటిమాటికీ రావడం ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు, మంట కూడా ఉంటే ముందు దానికి పరీక్ష చేయించండి.

పులుపు తినాలనిపిస్తే అంటారు. మామిడికాయ సీజన్‌లో ఎవరికి అనిపించదు చెప్పండి. కానీ ఒక కోరిక మాత్రం నేను సీరియస్‌గా తీసుకుంటాను: బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం. ఇంట్లోవాళ్లు "కడుపుతో ఉందేమో" అని నవ్వుకుంటారు, రక్త పరీక్ష చేయిస్తే చాలాసార్లు ఐరన్ తక్కువై రక్తహీనత బయటపడుతుంది. గర్భం ఉన్నా లేకపోయినా దానికి మందు వాడాల్సిందే.

అపోహ: పీరియడ్ ఒక్కరోజు లేటైనా కిట్ చెప్పేస్తుంది

28 రోజులకోసారి గడియారంలా వచ్చేవాళ్లకి దాదాపు నిజం. మిగతావాళ్లకి కాదు. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య పిండం గర్భసంచి గోడకి అతుక్కుంటుంది, హెచ్‌సీజీ అప్పుడే మొదలవుతుంది, తర్వాత రెండు మూడు రోజులకోసారి రెట్టింపు అవుతూ పోతుంది. మన మెడికల్ షాపుల్లో దొరికే కిట్లు ఎక్కువగా మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్లు దాటితేనే గీత చూపిస్తాయి. పీసీఓడీ (అండాలు సక్రమంగా విడుదల కాని సమస్య) ఉండి 40 రోజులకోసారి పీరియడ్ వచ్చే అమ్మాయికి అండం 26వ రోజు దగ్గర విడుదల కావచ్చు, ఆ అమ్మాయి 30వ రోజున టెస్ట్ చేసి ఒక్క గీత చూసి "లేదు" అనుకుంటే అది కిట్ తప్పు కాదు. పీరియడ్స్ సక్రమంగా లేనివాళ్లకి నేను చెప్పే లెక్క ఒకటే: చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి చెయ్యండి. అప్పుడు లేదంటే నమ్మొచ్చు.

అసలు చివరి పీరియడ్ ఎప్పుడు అని అడిగితే సగం మందికి తేదీ గుర్తుండదు, పండగలు గుర్తుంటాయి. "వినాయక చవితికి పూజలో కూర్చోలేదు మేడమ్, ముందురోజే వచ్చింది" అంటారు. నా టేబుల్ మీద తెలుగు క్యాలెండర్ ఉండేది అందుకే, చవితి ఎప్పుడో చూసి ఒకరోజు వెనక్కి వెళితే తేదీ దొరికేస్తుంది. ఫోన్ యాప్ కంటే ఇదే నాకు నమ్మకం. యాప్ మీ అండం ఏ రోజు విడుదలైందో చూడలేదు, పాత నెలలను బట్టి ఊహిస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, దీనివల్ల ఇళ్లలో గొడవలు అయ్యాయి కాబట్టి. పెళ్లయి నాలుగు వారాలు, స్కానింగ్ రిపోర్టులో ఆరు వారాల గర్భం అని రాసి ఉంటుంది. అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టి అమ్మాయి వైపు అదోలా చూస్తుంది. అమ్మా, గర్భం వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి. అంటే గర్భం రాకముందు రెండు వారాలు కూడా అందులో కలిసే ఉంటాయి. పీరియడ్ తప్పిన రోజుకే లెక్క ప్రకారం నాలుగు వారాలు. ఒకసారి ఒక అత్తగారికి కాగితం మీద గీసి చూపించి, పక్కనే ఉన్న అబ్బాయితో "మీరు కూడా నేర్చుకోండి, రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి" అన్నాను.

అపోహ: పొద్దున్నే మొదటి మూత్రంతో చేస్తేనే సరైన రిజల్ట్

డేట్ దాటిన మొదటి కొన్ని రోజులకి మంచి సలహానే, రాత్రంతా నిల్వ ఉన్న మూత్రంలో హార్మోన్ చిక్కగా ఉంటుంది. వారం దాటాక ఏ పూటైనా పర్వాలేదు, మూడు నాలుగు గంటలు ఆపుకుని, నీళ్లు గడగడా తాగకుండా చేస్తే చాలు.

చేసే పద్ధతి చూద్దాం, తప్పులు జరిగేది ఇక్కడే. ఎక్స్‌పైరీ డేట్ చూడండి. మూత్రం పట్టుకున్నాకే కవరు చింపండి, ముందే చింపి పెడితే గాలిలో తేమ పీల్చుకుంటుంది. లోపల ఉండే చిన్న పొట్లం తేమ పీల్చే మందు, నీళ్లలో కలిపేది కాదు (కలిపినవాళ్లు ఉన్నారు). కిట్‌ని చదునుగా పెట్టి, కవరు మీద రాసినన్ని చుక్కలే వెయ్యాలి, మామూలుగా రెండు మూడు. ఐదు నిమిషాలు అని ఉంటే ఐదు నిమిషాలకి చూడాలి. కిట్ మీద సి అని రాసిన చోట గీత రాకపోతే ఆ కిట్ పనిచెయ్యలేదని అర్థం, టి అని రాసిన చోట (గర్భం ఉంటే రెండో గీత పడేది అక్కడే) ఏం కనిపించినా లెక్కలోకి రాదు. చూశాక పారేయండి. గంట తర్వాత చూస్తే మూత్రం ఆరిపోయి టి దగ్గర బూడిద రంగులో నీడలాంటి గీత పడొచ్చు, సోమవారం అమ్మాయి చెత్తబుట్టలో చూసింది అదే. వాట్సాప్‌లో ఫొటో పంపి, దాని రంగులు తిరగేసి, "జూమ్ చేసి చూడండి మేడమ్" అనేవాళ్లకి నా జవాబు ఎప్పుడూ ఒకటే, రెండు రోజులాగి కొత్త కిట్ కొనండి.

కానీ చెప్పిన టైములోపు, సి గీత రంగులోనే, పలుచగా రెండో గీత వస్తే అది పాజిటివే. పలుచని గీత అంటే బలహీనమైన గర్భం అని కాదు, ముదురు గీత అంటే మగపిల్లాడు అని అసలే కాదు. రోజుకో కిట్ చేసి గీత ముదురుతోందా అని పోల్చుకోవడం డబ్బు దండగ, దానికి రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష ఉంది, అది కూడా 48 గంటల తేడాతో రెండుసార్లు చేస్తేనే ఏమైనా తెలుస్తుంది.

అపోహ: చక్కెరతో, టూత్‌పేస్టుతో కూడా తెలుసుకోవచ్చు

తెల్ల టూత్‌పేస్టులో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్, మూత్రానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, రెండూ కలిస్తే నురగ రావచ్చు. మీ ఆయన మూత్రంతో కూడా చేసి చూడండి, ఆయనకీ పాజిటివ్ వస్తుంది. చక్కెర, ఉప్పు, డెట్టాల్ అన్నీ ఈ బాపతే. మూత్రంతో గర్భం తెలుసుకోవాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1930ల నుంచి కొన్ని దశాబ్దాలు ఆడవాళ్ల మూత్రాన్ని ఆఫ్రికా కప్పకి ఇంజెక్షన్ చేసేవాళ్లు, తెల్లారేసరికి కప్ప గుడ్లు పెడితే గర్భం ఉన్నట్టు. అది పనిచేసింది కూడా, ఎందుకంటే కప్ప స్పందించింది ఇదే హెచ్‌సీజీకి. చక్కెర దేనికీ స్పందించదు.

కిట్‌కి 50, 60 రూపాయలు పెట్టడం కంటే మెడికల్ షాపు అబ్బాయి తెలిసినవాడు కావడమే చాలామందికి అసలు ఇబ్బంది. ఆశా వర్కర్ దగ్గర నిశ్చయ్ అనే కిట్ ఉచితంగా ఇస్తారు, ఆవిడని అడగండి. పాజిటివ్ వస్తే పేరు నమోదు కూడా ఆవిడ ద్వారానే అవుతుంది, ఫోలిక్ యాసిడ్ మాత్రలూ అందుతాయి. అసలు ఆ మాత్రలు గర్భం రాకముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే బిడ్డ వెన్నుపాము మూసుకునేది చివరి పీరియడ్ నుంచి ఆరు వారాల్లోపే, చాలామంది నా దగ్గరికి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది.

అపోహ: యాంటీబయాటిక్స్ వాడితే తప్పుగా పాజిటివ్ వస్తుంది

రాదు. గర్భనిరోధక మాత్రల వల్లా రాదు. సంతానం కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి మాత్రం ఆ మందే పది, పద్నాలుగు రోజుల దాకా కిట్‌లో గీత చూపించవచ్చు, డాక్టర్ చెప్పిన రోజు దాకా ఆగాలి. ఈమధ్యే అబార్షన్ అయినా, కాన్పు అయినా కొన్ని వారాలు పాజిటివ్ కనిపించవచ్చు. అలాగే రెండు గీతలు వచ్చి వారంలోపే పీరియడ్ వచ్చేస్తే కిట్ మోసం చేసిందనుకోకండి, గర్భం వచ్చి తొలి రోజుల్లోనే పోయి ఉండొచ్చు. బరువులు ఎత్తినందుకో, బొప్పాయి తిన్నందుకో పోదు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనకండి.

అపోహ: ఐ-పిల్ వేసుకున్నాక బ్లీడింగ్ అయింది, ఇక భయం లేదు

ఐ-పిల్ అంటే కలిశాక గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర. దానివల్లే కొద్దిగా బ్లీడింగ్ కావచ్చు, డేట్ వారం అటూ ఇటూ కావచ్చు. మూడు వారాల్లో మామూలు పీరియడ్ రాకపోతే టెస్ట్ చెయ్యాల్సిందే. టెస్ట్ పాజిటివ్ వచ్చి గర్భం వద్దనుకుంటే మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో వేసుకోవద్దు. మన చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ఆడమనిషి సంతకం ఒక్కటి చాలు, మొగుడి సంతకం, అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు, పెళ్లి కాని అమ్మాయికైనా అంతే, వివరాలు బయటపెట్టకూడదు కూడా. స్కానింగ్ చూసి మాత్రలు ఇవ్వడం ఎందుకంటే, గర్భం గర్భసంచిలో కాకుండా దాని పక్క ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచెయ్యవు. అది పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

అలాగని పాజిటివ్ వచ్చిన రోజే స్కానింగ్‌కి పరిగెత్తకండి, ఏమీ కనిపించక ఇంకా కంగారు పడతారు. నొప్పి, బ్లీడింగ్ లేకపోతే ఆరున్నర, ఏడు వారాలప్పుడు వస్తే గుండె చప్పుడు కూడా కనిపిస్తుంది. కడుపులో ఒక పక్క పొడుస్తున్నా, భుజం కొసన నొప్పి వచ్చినా, కళ్లు తిరుగుతున్నా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది కాబట్టి టెస్ట్ అక్కర్లేదు

ఇది నేను ఎక్కువ భయపడే మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందిలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, తెలంగాణలో ఆరుగురు. ఆపరేషన్ ఫెయిలవడం అరుదు, కానీ ఇంతమందిలో అరుదైనది కూడా మన ఓపీకి వస్తుంది. వచ్చినప్పుడు ఆ గర్భం ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ.

కొన్నేళ్ల కిందట ఒకావిడ, ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు, చిన్నవాడు పుట్టినప్పుడే ఆపరేషన్. రెండు రోజులుగా పొత్తికడుపు నొప్పి, గ్యాస్ అనుకుని ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుంది. కాస్త బ్లీడింగ్ కనపడితే పది రోజులు లేటైన పీరియడ్ వచ్చిందిలే అని ఊరుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి కింది కనురెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. కిట్ తెమ్మంటే ఆవిడ భర్త నా వైపు వింతగా చూశాడు. "ఆపరేషన్ అయింది కదమ్మా." మూడు నిమిషాలు కూడా పట్టలేదు, రెండు గీతలూ చిక్కగా పడ్డాయి. స్కానింగ్‌లో కడుపు నిండా రక్తం. ఆ రాత్రే ఆపరేషన్ చేశాం, రెండు సీసాల రక్తం ఎక్కించాం, బతికింది.

డిశ్చార్జ్ రోజు ఆవిడ ప్లాస్టిక్ కవరులోంచి రేషన్ కార్డు, ఆధార్ కార్డుల మధ్య మడిచి పెట్టిన పాత ఆపరేషన్ సర్టిఫికెట్ తీసింది. "దీన్ని ఇక పారెయ్యొచ్చా డాక్టరమ్మా?" వద్దన్నాను. ఆపరేషన్ ఫెయిలైనవాళ్లకి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది, ఫెయిలైందని తెలిసిన 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ కాగితం లేకపోతే తిరగాల్సి వస్తుంది. నా రిపోర్టు కూడా దాంతో కలిపి పిన్ను కొట్టి, మళ్లీ అదే కవరులో పెట్టి ఇచ్చాను.