గడ్డిని ఎప్పుడు కలియదున్నాలి? శ్రీలంక వరిమడుల్లో మీథేన్ లెక్క

శ్రీలంకలో వరి ఏడాదికి రెండు పంటలు. అక్టోబరు ప్రాంతంలో మొదలై ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకొచ్చేది మహా. ఏప్రిల్, మే నెలల్లో మొదలై ఆగస్టు, సెప్టెంబరు దాకా నడిచేది యాల. అనురాధపురం, పొలన్నరువ లాంటి పొడి మండలపు జిల్లాల్లో యాల పంటకు చెరువులు, జలాశయాల నీళ్లే ఆధారం. మీథేన్ వదిలే బొగ్గు గనులు లేని ఈ చిన్న దేశంలో, భూమిని వేడెక్కించే ఆ వాయువు మాట వస్తే వరిమడిని పక్కన పెట్టలేం.

మడిలో నీళ్లు నిలబెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. ఆ తర్వాత సూక్ష్మజీవులు నైట్రేటును, మాంగనీసును, ఇనుమును, సల్ఫేటును దాదాపు అదే వరసలో వాడుకుంటాయి. అవన్నీ తగ్గాక ఆర్కియా అనే సూక్ష్మజీవుల వంతు. వాటి ఆహారం కుళ్లే సేంద్రియ పదార్థం, వాటి విసర్జన మీథేన్. అందులో కొంత భాగాన్ని వేళ్ల దగ్గరుండే బాక్టీరియా తినేస్తుంది. బయటపడేదాంట్లో 90 శాతం దాకా వరి మొక్క లోపలి గాలిగొట్టాల గుండానే పోతుంది, బుడగలుగా తేలేది కొంతే. ఈ వాయువు గాలిలో పదేళ్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది గానీ, 100 ఏళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 27 రెట్లు, 20 ఏళ్ల లెక్కన దాదాపు 80 రెట్లు వేడి పుట్టిస్తుంది.

వరి మీథేన్ అనగానే అందరూ నీటి యాజమాన్యం దగ్గరికి పోతారు. కోత తర్వాత మిగిలే వరిగడ్డి సంగతి అంతగా పట్టించుకోరు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన గుణకాలతో లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. దక్షిణాసియా సగటు హెక్టారుకు రోజుకు 0.85 కిలోలు. 105 రోజులు నీళ్లు నిలిపితే, గడ్డి వేయని మడిలో సుమారు 89 కిలోల మీథేన్. హెక్టారుకు 5 టన్నుల ఎండుగడ్డిని నాట్లకో వెదకో ముందు 30 రోజుల లోపు కలియదున్నితే అది 257 కిలోలవుతుంది. అదే గడ్డిని 30 రోజులకు పైగా ముందే దున్నితే 132. 30 రోజుల లోపే గడ్డి దున్ని, తడి పొడి పద్ధతిలో, అంటే మడిని మధ్యమధ్య ఆరనిస్తూ నీళ్లు పెట్టినా 141 కిలోలు తప్పవు. అంటే గడ్డిని ఒక నెల ముందు దున్నడం, పంటకాలమంతా నీటి కొలత చూసుకోవడం కన్నా కాస్త ఎక్కువే పని చేస్తోంది. రెండూ కలిస్తే 73. ఇవి సగటు గుణకాలు. ఏ ఒక్క మడికీ ఇవే అంకెలు వస్తాయని కాదు.

కారణం తేలికే. తడి ఉండి నీళ్లు నిలవని మట్టిలో గాలి ఆడుతుంది. గడ్డిలో తేలిగ్గా కుళ్లే భాగం అక్కడే బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. నీళ్లు పెట్టేసరికి ఆర్కియాకు మిగిలేది గట్టి పీచు.

చిక్కంతా మహా కోతకూ యాల నీళ్లకూ మధ్య ఉన్న వ్యవధితోనే. ఏప్రిల్ నడుమ కొత్త సంవత్సరం పండగ. కూలీలు, ట్రాక్టర్లు దొరకవు. అందుకే కోసిన వారంలోపే, నేలలో పదును ఆరకముందే పని కావాలి. హార్వెస్టర్ గడ్డిని వరసలుగా వదులుతుంది, ముందు దాన్ని మడంతా పరచాలి. తర్వాత 10 సెంటీమీటర్ల లోతున పైపైన దున్ని, వాన నీళ్లు నిలవకుండా గట్టుకు గండి తెరిచి ఉంచాలి. పరచకుండా దున్నితే గడ్డి కుప్పపడ్డ చోట సూక్ష్మజీవులే నత్రజనిని లాక్కుంటాయి, అక్కడ పైరు పసుపు మచ్చలుగా కనిపిస్తుంది. నేల గట్టిపడ్డాక దున్నబోతే గడ్డి రోటవేటర్‌కు చుట్టుకుంటుంది తప్ప మట్టిలో కలవదు. నెల వ్యవధి దొరక్కపోతే గడ్డిని బయటికి తీసి కంపోస్టు చేయడమే మేలు. తగలబెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, ఆ పొగలోనూ మీథేన్ ఉంటుంది.

ఇక నీళ్లు. తడి పొడికి కావలసిన పరికరం 30 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం, అడుగు సగానికి రంధ్రాలు. గట్టుకు దూరంగా 15 సెంటీమీటర్ల లోతున దించి, లోపలి మట్టిని తోడేయాలి. గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరాక మళ్లీ 5 సెంటీమీటర్ల నీళ్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడి ఆరకూడదు, ఆరితే తాలు. కలుపు ఎక్కువున్న మడిలో తడి పొడిని రెండు మూడు వారాలు ఆలస్యంగా మొదలుపెట్టాలి. యూరియా చల్లి మడిని ఆరనిస్తే ఆ నత్రజని నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. 100 ఏళ్ల లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు వేడి పుట్టిస్తుంది, మీథేన్‌లో మిగిల్చింది ఇక్కడ పోగొట్టుకుంటాం. నీళ్లు పెట్టబోయే ముందే చల్లాలి.

కానీ చెరువు కింది రైతుకు తూము చేతిలో ఉండదు. ఏ రోజు నీళ్లు వదలాలి, ఎన్ని నెలల రకం వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి రైతులూ అధికారులూ కూర్చునే కన్న సమావేశంలో తేలతాయి. ఆ తీర్మానాలకు 2000 నాటి చట్టం బలం ఉంది. చెరువులో నీళ్లు చాలని ఏట ఆయకట్టులో కొంత భాగమే సాగుచేసి, దాన్నే అందరూ పంచుకునే బెత్మ ఆచారమూ ఉంది. మన తెలంగాణలో చెరువు నీళ్లను బట్టి సాగు విస్తీర్ణం ముందే తేల్చుకునే తైబందీ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. వంతు ఎప్పుడొస్తుందో నమ్మకం లేని చివరి భూముల రైతు, దొరికిన రోజున మడి నింపుకుంటాడు. గొట్టం ఇచ్చినంత మాత్రాన అతను మారడు, వంతు తేదీ తప్పకపోతే మారతాడు. కన్న సమావేశం తేదీల్లో గడ్డి దున్నే గడువును కూడా చేర్చడం నా దృష్టిలో అన్నిటికన్నా చవకైన పని.

గాల్లె, మాతర, కళుతర వైపు తడి మండలపు లోతట్టు మడుల సంగతి వేరు. అక్కడ చాలాచోట్ల నీళ్లు బయటికి పోయే దారే లేదు, ఇనుము ఎక్కువై ఆకులు కంచురంగుకు తిరుగుతాయి. మడి ఆరనే ఆరదు కాబట్టి గొట్టంతోనూ నెల ముందు దుక్కితోనూ పెద్ద లాభం ఉండదు. గడ్డిని గట్టు మీదికి చేర్చి కంపోస్టు చేసి తిరిగి వేయడం, మూడు నెలల రకాలు ఎంచుకుని నీళ్లు నిలిచే రోజులు తగ్గించడం, అక్కడ చేయగలిగింది అదే.