గడ్డి తినే గుర్రం రక్తంలో అంత కొవ్వు ఎక్కడిది?

"గుర్రం తినేది గడ్డి. గడ్డిలో కొవ్వు నామమాత్రం. మరి రక్తం పాలలా తెల్లబడేంత కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. నూనెలు తగ్గించండి అన్న మాట వినీ వినీ, రక్తంలోని కొవ్వంతా నోటి దారినే వస్తుందని మనకు స్థిరపడిపోయింది. గుర్రం కథ దీనికి తలకిందులు. అది తిండి మానేసినప్పుడే కొవ్వు పెరుగుతుంది.

ఆరోగ్యమైన గుర్రం ప్లాస్మా, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం, పసుపుగా, తేటగా ఉంటుంది. డెసిలీటరుకు ట్రైగ్లిజరైడ్లు, అంటే ఒంట్లో నిల్వ ఉండే, రక్తంలో తిరిగే కొవ్వు, 100 మిల్లీగ్రాముల లోపే. 500 దాటితే పరీక్షనాళికలో తెల్లదనం కంటికే తెలిసిపోతుంది.

కొవ్వు కణాన్ని గాదె అనుకుందాం. దాని తలుపు తీసేది హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్ అనే ఎంజైము. ట్రైగ్లిజరైడ్ అణువును మూడు కొవ్వు ఆమ్లాలుగా, ఒక గ్లిసరాల్‌గా విడగొట్టి రక్తంలోకి వదులుతుంది. దాని చేయి పట్టి ఆపే కాపలాదారు ఇన్సులిన్. ఆకలి వేళ కాపలా సడలుతుంది, మేత పడగానే బిగుస్తుంది. మెడ మీద గట్టి కొవ్వు దిమ్మ కట్టే ఈక్వైన్ మెటబాలిక్ సిండ్రోమ్ అనే గుర్రాల జీవక్రియ జబ్బులో కాపలాదారు లేకపోలేదు. గొంతు చించుకుని అరుస్తూనే ఉంటాడు, అంటే రక్తంలో ఇన్సులిన్ మామూలు కంటే ఎక్కువే. కణాలే వినిపించుకోవు. చెవిటివాడి ముందు శంఖం!

ముసలి గుర్రాల్లో, ముఖ్యంగా 15 ఏళ్ళు దాటినవాటిలో, తంటా మెదడు అడుగున మొదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథి మధ్యభాగానికి, దాన్ని అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని అందించే నాడులు క్షీణిస్తాయి. అదుపు తప్పిన ఆ భాగం ఉబ్బి, అడ్రినల్ గ్రంథిని పురిగొల్పే ఏసీటీహెచ్ వంటి హార్మోన్లను కుమ్మరిస్తుంది. రాలాల్సిన కాలంలో రాలని పొడవాటి బొచ్చు దీని గుర్తు. వయసు మీద పడింది లెమ్మని చాలామంది వదిలేస్తారు. ఈ గుర్రాల్లోనూ కొన్నింటిలో ఇన్సులిన్ మాట చెల్లదు. నొప్పి, ప్రయాణం, చూలు, ఏదో ఒక జబ్బు తోడైతే ఒత్తిడి హార్మోన్లు అడ్రినలిన్, కార్టిసాల్ వచ్చి తలుపును ఇంకా తోస్తాయి.

బయటపడ్డ కొవ్వు ఆమ్లాలు కాలేయం చేరతాయి. ఆవును, గుర్రాన్ని గడ్డిమేసే జంతువులని ఒకే గాటన కట్టి పాఠం చెప్పేవారంటే నాకు చిరాకు. ఆవు కాలేయం కొవ్వును మూటగట్టి బయటికి పంపడంలో మందకొడి. అందుకే అక్కడ కొవ్వు పేరుకుంటుంది, కొవ్వు విరిగితే వచ్చే కీటోన్లు పుడతాయి. గుర్రం కీటోన్లు చేసేది తక్కువ. వచ్చిన కొవ్వును మళ్ళీ ట్రైగ్లిజరైడ్లుగా అల్లి, వీఎల్‌డీఎల్ అనే కొవ్వు-ప్రోటీన్ మూటలుగా రక్తంలోకి నెట్టేస్తుంది. మూటలు విప్పే ఎంజైము, లైపోప్రోటీన్ లైపేజ్, పని మానదు. వచ్చిపడే మూటల ముందు దాని వేగం చాలదు, అంతే. చివరికి కాలేయమూ కొవ్వుతో నిండి, ఒక్కోసారి చిట్లిపోతుంది.

పూర్తి ఎత్తు గుర్రాల్లో రక్తం ఇలా తెల్లబడడం అరుదు. గాడిదలకు, పోనీలనే పొట్టి గుర్రాలకు గండం ఎక్కువ. పోనీలే కదా, పోనీలే అనుకోవడానికి లేదు! గిట్టలు వాచిన బొద్దు పోనీని చూసి, లంఘనం పరమౌషధం అని మేత పూర్తిగా ఆపేస్తే గాదె తలుపులు బార్లా తెరుచుకుంటాయి. బరువు తగ్గించాలి గానీ, మెల్లగా.

ముదిరిన స్థితిలో వైద్యులు ముక్కు గొట్టం ద్వారా మేత ద్రవం పోస్తారు, గ్లూకోజ్ ఎక్కిస్తారు, అవసరమైతే ఇన్సులిన్ ఇస్తారు. పిట్యూటరీ జబ్బుకు డోపమైన్ పని చేసిపెట్టే పెర్గోలైడ్ ఉంది. గుర్రం తనంతట తాను మేత అందుకుంటే, కొన్నాళ్ళకు నాళికలో మళ్ళీ ఆ పసుపు తేట కనిపిస్తుంది.