పూస కట్టిన కొవ్వొత్తి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఫొటోలు జతచేసి ఉత్తరం రాశారు. ఆవిడ ఇంట్లోనే సోయా మైనం కరిగించి, గాజు గ్లాసుల్లో పోసి, సువాసన కొవ్వొత్తులు చేసి అమ్ముతున్నారు. దసరా ఆర్డరు కోసం ముదురు ఆకుపచ్చ రంగులో 24 గ్లాసులు పోశారట. మర్నాటికి అద్దంలా నున్నగా ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే పైనంతా బూజు పట్టినట్టు తెల్లటి పొర. అక్కడక్కడా గాజు లోపలివైపు తడి తగిలినట్టు మచ్చలు. "సరుకు కల్తీదా, నేను పోయడంలో తప్పు చేశానా? మా అత్తయ్య దిష్టి తగిలిందంటున్నారు, ఒకటే టెన్షన్‌గా ఉంది" అని అడిగారు. వత్తి ఎంత లావుండాలన్న సందేహమూ రాశారు.

కల్తీ కాదమ్మా, బూజు కాదు, దిష్టి అసలే కాదు. మీ కొవ్వొత్తులు పూస కట్టాయి. నెయ్యి పూస కట్టినట్టే, సరిగ్గా అలాగే.

ఇది పోలిక కోసం చెప్తున్న మాట కాదు. మన భాషలో ఈ వస్తువు పేరే కొవ్వు, వత్తి కలిసిన కొవ్వొత్తి. ఒకప్పుడు పశువుల కొవ్వుతో చేసేవారు. 19వ శతాబ్దంలో పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్ వచ్చాక లోపల కొవ్వు పోయి పేరు మాత్రం మిగిలింది. సోయాతో ఆ పేరు మళ్లీ నిజమైంది. సోయా మైనం అని మనం పిలిచేది హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచిన సోయా నూనె. నికెల్ సాయంతో నూనెను ఇలా గట్టిపరిచే పద్ధతికి జర్మన్ రసాయనవేత్త విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు కోరాడు. మన వంటిళ్లలోకి డాల్డా వచ్చింది కూడా ఆ దారినే. పారఫిన్‌కు పనికొచ్చే చిట్కాలు సోయాకు వర్తింపజేయడం దగ్గరే సగం తిప్పలు మొదలవుతాయి.

పారఫిన్ అణువు చీపురు పుల్ల లాంటిది. పుల్లల్ని ఎలా పోగేసినా కాస్త తట్టితే సర్దుకుంటాయి. కొవ్వు అణువు అలా కాదు. గ్లిజరాల్ అనే వెన్నుకు మూడు పొడవాటి తోకలు. సోయా మైనంలో ముఖ్యమైన కొవ్వు అయిన ట్రైస్టియరిన్‌నే తీసుకుంటే ఒక్క అణువులో 57 కార్బన్లు, 110 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. స్ఫటికంలో ఒదిగినప్పుడు రెండు తోకలు ఒకవైపుకు, మూడోది ఎదురువైపుకు తిరిగి, పక్కనుంచి చూస్తే కుర్చీలా ఉంటుంది. రసాయనవేత్తల్లో కొందరు కూడా దీన్ని కుర్చీ ఆకారమనే అంటారు.

ఇప్పుడు పెళ్లి భోజనాలయ్యాక ప్లాస్టిక్ కుర్చీలు సర్దే దృశ్యం తలుచుకోండి. వాన మొదలైందని అందరూ హడావుడిగా ఒకదానిమీద ఒకటి పడేస్తే దొంతర నిలుస్తుంది గానీ నిండా సందులే. వేగంగా చల్లారిన కొవ్వు ఇలాగే ఉంటుంది. దీన్ని ఆల్ఫా రూపం అంటారు. తోకలు నిటారుగా నిలబడి ఇంకా కదులుతూనే ఉంటాయి. శుద్ధమైన ట్రైస్టియరిన్‌లో ఈ రూపం 54 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కాస్త తీరిగ్గా, వాలుగా పేర్చిన దొంతర బీటా ప్రైమ్, దానికి 64 డిగ్రీలు కావాలి. టెంట్ హౌస్ కుర్రాళ్లు వచ్చి ఒకదాంట్లో ఒకటి బిగించి పేర్చిన దొంతర బీటా. అది 73 డిగ్రీల దాకా కరగదు. అణువు అదే, కరిగే వేడి మూడు రకాలు! 1853లోనే రసాయనవేత్త పాట్రిక్ డఫీ ఇలా మూడు రకాలున్నాయని కొలిచి చెప్పాడు. బడిలో మాత్రం ప్రతి పదార్థానికీ ఒకే ద్రవీభవన స్థానం ఉంటుందని బట్టీ పట్టిస్తాం. పాఠం చెప్పే రోజున ఒక గిన్నెడు నెయ్యి తరగతికి తీసుకెళ్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

నేను ఆ పని ఇంట్లో చేశాను. వేడి నెయ్యి రెండు గిన్నెల్లో పోసి ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాను, రెండోది తువ్వాలు చుట్టి గట్టుమీద ఉంచాను. తెల్లారి వేళ్ల మధ్య రుద్దితే ఫ్రిజ్‌లోది వెన్నలా జారింది. గట్టుమీది దాంట్లో గసగసాలంత పూసలు వేలికి తగిలాయి, తర్వాత ఒంటి వేడికి ఒక్కొక్కటీ మెత్తబడి మాయమయ్యాయి.

గ్లాసులో పోసిన మైనం మర్నాడు నున్నగా ఉండటానికి కారణం హడావుడి దొంతరే. అది అక్కడితో ఆగదు. మధ్యాహ్నం వేడికి మెత్తటి భాగం కాస్త వదులై, రాత్రి చల్లదనానికి మళ్లీ బిగుసుకుంటుంది. ప్రతిసారీ కొన్ని కుర్చీలు మెరుగైన చోటికి సర్దుకుంటాయి. బీటాకు చేరినది, కరిగితే తప్ప వెనక్కి రాదు. స్ఫటికాలు పెద్దవై వెలుతురును చెదరగొడతాయి. పటికబెల్లం పలుకు గాజులా ఉండి, దంచితే తెల్లటి పొడి అవుతుంది చూడండి, ఇదీ అంతే. దొంతర బిగిసేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. అంటే మైనం ముడుచుకుని గాజును వదిలేస్తుంది. మీ తడి మచ్చలు అవే, అక్కడున్నది తడి కాదు, గాలి. సందులు మూసుకుపోతే వాటిలో తలదాచుకున్న సువాసన నూనె పైకి చెమటలా చిమ్ముతుంది. వత్తి చుట్టూ పడే గుంట కూడా ఈ ముడుచుకోవడమే. అంచులు ముందు గట్టిపడి, నడుమ చివరికి చల్లారుతుంది. వెలిగించి ఆర్పాక పైభాగం కాలీఫ్లవర్ పువ్వులా తేలడం కూడా ఇదే కథ. కరిగిన కుర్చీలు ఎవరి అదుపూ లేకుండా మళ్లీ సర్దుకుంటాయి మరి.

మందు కూడా వంటింట్లోనే ఉంది. పాలకు తోడు పెడతాం కదా, మైనానికీ తోడు పెట్టాలి. కరిగిన మైనాన్ని సన్నగా, బుడగలు రాకుండా కలుపుతూ చల్లార్చండి. కాస్త మసకబారిందంటే చిన్న చిన్న స్ఫటికాలు పుట్టాయని అర్థం. అప్పుడు గోరువెచ్చగా చేసిన గ్లాసుల్లో పోయండి. మొదటి నాలుగు కుర్చీలు సరిగ్గా పడితే తర్వాతవి వాటి వరసలోనే పడతాయి. చాక్లెట్ చేసేవాళ్లు చేసేది కూడా ఇదే. గ్లాసుల మధ్య జానెడు ఎడం ఉంచండి, ఫ్యాన్ కింద పెట్టకండి, ఫ్రిజ్ జోలికి పోకండి. ఒకటి రెండు వారాలు ఒకే వేడిలో ఉండనివ్వండి. ఇంత చేసినా పూస ఆలస్యమవుతుంది గానీ పూర్తిగా ఆగదు.

వత్తి గురించి కూడా అడిగారు. కరిగిన సోయా, కరిగిన పారఫిన్ కన్నా చిక్కన. వత్తి పోగుల వెంట పైకి పాకడం దానికి కష్టం, కాబట్టి పారఫిన్‌కు సరిపోయే వత్తి దీనికి చాలదు. మంట చిన్నదై నడుమ సొరంగం తవ్వుకుంటూ పోతుంది. మరీ లావు వత్తి వేస్తే ఇంధనం ఎక్కువై గ్లాసు అంచున కాటుక పడుతుంది, వత్తి కొడిగడుతుంది. దీపం కొడిగడితే అశుభమని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొడి అంటే పూర్తిగా కాలని కార్బన్ ముద్ద, అంతే. వెలిగించే ప్రతిసారీ వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించండి. మొదటిసారి వెలిగించినప్పుడు గ్లాసు 3 అంగుళాల వెడల్పుంటే 3 గంటలు వెలగనివ్వండి, కరిగిన మడుగు అంచుకు చేరాలి. సువాసన నూనె 100 గ్రాముల మైనానికి 6 నుంచి 10 గ్రాములు చాలు, మించితే వత్తి మూసుకుపోతుంది. మైనాన్ని నేరుగా పొయ్యిమీద పెట్టకండి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. పొరపాటున అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత పెట్టాలి.

మీ 24 గ్లాసులనూ పారేయకండి. ఒకటి వెలిగించి చూసుకోండి, పూస మంటకు అడ్డు రాదు. ఆర్డరు ఇచ్చే రోజు పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో పైపొర కరిగిస్తే కొన్నాళ్లు నున్నగా ఉంటాయి. కొన్నవాళ్లకు ఇది సోయా స్వభావమని ఒక చీటీ పెట్టి ఇవ్వండి. తర్వాతి విడత మాత్రం రంగు వేయకుండా పోయండి. పూస అప్పుడూ కడుతుంది, తెల్లటి మైనంలో తెల్లటి పూస కంటికి ఆనదు.