బ్రాడ్‌హెడ్ వేరే చోట తగులుతోందా? కొన్ని అపోహలు, అసలు సంగతి

సెప్టెంబరు మూడో వారం వచ్చిందంటే మా షాపులోకి ఎవరొచ్చి ఏం అడుగుతారో వాళ్లు నోరు తెరవక ముందే చెప్పేయగలను. డాలస్‌కి ఉత్తరాన విల్లులు అమ్మే, బాగుచేసే షాపులో తొమ్మిదేళ్లుగా రిపేరు బల్ల దగ్గర నా ఉద్యోగం. ఫ్రిస్కో, ప్లేనో నుంచి మనవాళ్లు కూడా ఈమధ్య బాగానే వస్తున్నారు. కాంపౌండ్ బో (చివర్లలో క్యాములనే చక్రాలుండే విల్లు) కొంటారు, హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, వేసవంతా ఫీల్డ్ పాయింట్లతో, అంటే బ్లేడ్లు లేని మామూలు మొనలతో, సాధన చేస్తారు. జింకల సీజను పది రోజులుందనగా బ్రాడ్‌హెడ్లు, అంటే వేటకి వాడే బ్లేడ్ల మొనలు, బిగిస్తారు. ఇక మొదలవుతుంది గోల.

(ఇదంతా టెక్సాస్ సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఈ చిట్కాలు పంపకండి.)

మొన్న శనివారం గుంటూరు కుర్రాడొకడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. చేతిలో మూడో బ్రాండు బ్రాడ్‌హెడ్ల ప్యాకెట్.

"అన్నా, ఇరవై గజాల్లో ఫీల్డ్ పాయింట్లు టీ కప్పులో పడుతున్నాయి. ఇవేమో బెత్తెడు ఎడమకి పోతున్నాయి. మా ఫ్రెండ్ గురి చూసుకునే సైట్ జరుపుకోమన్నాడు. జరిపాను. ఇప్పుడు నలభై గజాల్లో ఎక్కడ పడుతుందో నాకే తెలీట్లేదు."

అందరి కొంప ముంచే అపోహ ఇదే. బ్రాడ్‌హెడ్ అంటే వేరే చోటే తగులుతుంది, సైట్ జరుపుకుంటే సరిపోతుంది అనుకోవడం. ఎవడు పుట్టించాడో గానీ, దీని వల్ల తిన్నగా తగలని బాణాలు నేను లెక్కపెట్టడం మానేశాను.

ఫీల్డ్ పాయింటూ బ్రాడ్‌హెడూ రెండూ 100 గ్రెయిన్లే, అంటే ఆరున్నర గ్రాములు. బరువు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిది? బ్లేడ్ల దగ్గర. బాణం విల్లు వదిలేటప్పుడు తోక కాస్త పక్కకి ఉందనుకోండి. ముందు ఫీల్డ్ పాయింటే ఉంటే గాలికి పట్టు దొరకదు, వెనకున్న ఈకలు కొద్ది దూరంలోనే బాణాన్ని లైన్లోకి లాగేస్తాయి. తప్పు జరిగినట్టు మీకు తెలియను కూడా తెలీదు. అదే బ్రాడ్‌హెడ్ ఉంటే ఆ బ్లేడ్లు ముందు కట్టిన రెక్కల్లా పనిచేస్తాయి. మొన ఎటు చూస్తుంటే బాణాన్ని అటే లాక్కుపోతాయి. వెనక ఈకలు ఒకవైపు, ముందు రెక్కలు ఒకవైపు. అంటే తప్పు విల్లులో మొదట్నించీ ఉంది, ఫీల్డ్ పాయింట్ దాన్ని కప్పిపెట్టింది. సైట్ జరిపితే ఆ దూరానికి గుర్తు కలుస్తుంది గానీ బాణం వంకరగానే పోతుంది. దూరం మారినా పక్కగాలి వీచినా లెక్క తప్పుతుంది. పైగా వంకరగా తగిలిన బాణం తన బలమంతా లోపలికి దిగడానికి వాడుకోలేదు.

ఇది నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. మొదటి ఏడాది నేనూ సైటే జరిపాను. ఒక రాంచ్‌లో అడవిపంది, ముప్పై గజాల పైచిలుకు, పక్కగాలి. బాణం పొట్ట వెనక్కి పోయింది, అదీ సగమే దిగింది. టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి దాకా నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. దొరకలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మా ఆవిడ టాపిక్ మార్చేస్తుంది.

సరే, కుర్రాడి విల్లు. నేను రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే భాగం) ముట్టుకోలేదు. ముందు బాణాలు ఒక్కోటీ రోలర్ల మీద పెట్టి తిప్పాను. బ్రాడ్‌హెడ్ మొన వణికితే ఆ బాణం పక్కన పెట్టాలి, దాన్ని ట్యూన్ చేసేది లేదు. డజనులో రెండు వణికాయి. మొన బిగించడానికి బాణం లోపల అతికించే ఇన్సర్ట్ వంకరగా అతికింది. క్యాములు రెండూ ఒకేసారి ఆగుతున్నాయి, బాగుంది. స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె) 340, అతని విల్లు లాగుడు బరువు 65 పౌండ్లకి సరిపోతుంది. తర్వాత బాణాలు వేసి చూసే లేన్‌లోకి తీసుకెళ్లి వేయమన్నాను. విల్లుని క్రికెట్ బ్యాట్ పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకున్నాడు!

"చెయ్యి వదులు చెయ్ తమ్ముడూ, విల్లు బొటనవేలి కింద కండ మీద ఆనితే చాలు" అన్నాను. బెత్తెడు కాస్తా రెండు వేళ్లయింది. సగం రోగం చేతిలోనే ఉంది.

మిగతా సగానికి రెస్ట్. ఈ ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: బ్రాడ్‌హెడ్ని ఎటు తేవాలో రెస్ట్‌ని అటు జరపండి. అది ఫీల్డ్ పాయింట్లకి ఎడమన పడుతుంటే రెస్ట్ కుడికి. కింద పడుతుంటే రెస్ట్ పైకి. ఒక్కసారికి అంగుళంలో 32వ వంతు, అంతకు మించొద్దు. పెన్సిల్ గీత పెట్టుకుని స్క్రూ వదలండి, గీత మందమంత జరిపి బిగించండి, మళ్లీ మూడు ఫీల్డ్ పాయింట్లూ మూడు బ్రాడ్‌హెడ్లూ వేయండి. ఒక్క బాణం చూసి నిర్ణయానికి రావద్దు, గుంపులు చూడండి. ఇరవైలో కలిశాక ముప్పై, నలభై గజాలకి వెళ్లండి. రెండు గుంపులూ ఒకటయ్యాక అప్పుడు సైట్ సంగతి. రెస్ట్ జరిపీ జరిపీ విల్లు మధ్యగీత నుంచి బాగా దూరం పోయిందంటే జబ్బు అక్కడ లేదు. క్యామ్ ఒరిగిందేమో, స్పైన్ తప్పేమో చూపించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

దగ్గర్నుంచి పేపర్ గుండా బాణం వేసి, గుండ్రని చిల్లు పడింది కదా, ట్యూన్ అయిపోయినట్టే అంటారు. ఆరడుగుల దూరంలో వేసిన చిల్లు అది. మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే.

బ్లేడ్లు ఈకల వరసలో ఉండాలని రబ్బరు వాషర్లు పెట్టి తిప్పేవాళ్లున్నారు. అక్కర్లేదు. మొన వణక్కుండా తిరిగితే చాలు.

మెకానికల్ బ్రాడ్‌హెడ్లకి ట్యూనింగ్ అక్కర్లేదట. బ్లేడ్లు మడుచుకుని ఉంటాయి కాబట్టి తప్పు తక్కువ కనిపిస్తుంది. తప్పు మాత్రం అలాగే ఉంటుంది, వంకరగా దిగేదీ వంకరగానే దిగుతుంది.

స్పైన్ నంబరు పెద్దదైతే బాణం గట్టిదనుకుంటారు. తలకిందులు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద బాణం పెట్టి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎంత వంగిందో ఆ అంకె. 400 అంటే 0.400 అంగుళం వంగింది, 300 అంటే 0.300. తక్కువ వంగిందే గట్టిది.

ఒకసారి ట్యూన్ చేస్తే జీవితాంతం ఉంటుందా? ఆగస్టులో ఇక్కడి పార్కింగ్‌లో కారు డిక్కీ ఎంత కాలుతుందో మీకు తెలుసు. విల్లు అందులోనే పడేసి ఆఫీసుకి వెళతారు. స్ట్రింగ్ సాగుతుంది, క్యాములు తేడా కొడతాయి, ఇన్సర్ట్‌ల హాట్‌మెల్ట్ జిగురు కరుగుతుంది. ఇందాక వణికిన ఆ రెండు బాణాలు డిక్కీలోంచి వచ్చినవే.

కుర్రాడి రెస్ట్ మూడు విడతల్లో కుదిరింది. నలభై గజాలకి వెళ్లాక, రెంటికీ వేరువేరు చుక్కలకి గురిపెట్టు అని చెప్పాను. వినలేదు. ఒకే చుక్కకి ముందు ఫీల్డ్ పాయింట్ వేశాడు, తర్వాత బ్రాడ్‌హెడ్. అది వెళ్లి మొదటి బాణం ఈకని నీటుగా కోసేసింది. పళ్లు ఇకిలిస్తూ పట్టుకొచ్చాడు. కొత్త ఈక అతికించి, దానికి రెండు డాలర్లు విడిగా బిల్లు వేశాను.