నౌకాదళ వైద్యం: అపోహలు - వాస్తవాలు

నీట్ రాసిన పిల్లలతో కలిసి విశాఖపట్నంలో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసిన అనుభవంతో, వాటిలో తరచుగా ఎదురయ్యే కొన్ని అపోహలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

అపోహ: నౌకాదళ వైద్యుడి పని యుద్ధంలో గాయపడినవారికి ఆపరేషన్లు చేయడం.

వాస్తవం: హోదాలోని 'సర్జన్' అన్న మాటే ఈ పొరపాటుకు మూలం. సర్జన్ లెఫ్టినెంట్, సర్జన్ కమాండర్ వంటి హోదాలు మానసిక వైద్యులకూ, పిల్లల వైద్యులకూ ఉంటాయి. ఓడ మీద వైద్యుడు కత్తి పట్టే సందర్భాలు అరుదు. వంటగది శుభ్రతను చూడడం, తాగునీటిలో క్లోరిన్‌ను పరీక్షించడం, ఇంజిన్ గదిలోని వేడికి ఎవరూ సొమ్మసిల్లకుండా, అక్కడి హోరుకు ఎవరి వినికిడీ దెబ్బతినకుండా జాగ్రత్తపడడం అతని నిత్యకృత్యాలు. రెండు మూడు వందల మంది ఒకే పొయ్యి మీది వంట తినే చోట, వంటవాడి చేతులు శుభ్రంగా లేకపోతే రెండు రోజుల్లో సగం ఓడ మంచం పడుతుంది.

అపోహ: ప్రతి యుద్ధనౌకలోనూ అన్ని హంగులున్న ఆసుపత్రి ఉంటుంది.

వాస్తవం: చాలా ఓడల్లో ఉండేది 'సిక్ బే' అని పిలిచే చిన్న గది మాత్రమే. పెద్ద యుద్ధనౌకకు సాధారణంగా ఒక వైద్యుడు ఉంటాడు. చిన్న ఓడల్లో తరచుగా మెడికల్ అసిస్టెంటే దిక్కు. ఇంటర్‌లో బైపీసీ చదివి నావికుడిగా చేరి, ఒడిశాలోని చిల్కాలో తొలి శిక్షణ, ముంబైలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్వినిలో వైద్య శిక్షణ పొందిన యువకుడతను. తీరానికి వందల మైళ్ల దూరంలో, అర్ధరాత్రి ఒక నావికుడికి కుడి పొత్తికడుపులో నొప్పి మొదలైతే, అది అపెండిసైటిస్ కావచ్చునని అనుమానించి, యాంటీబయాటిక్స్, సెలైన్ ఆరంభించి, ఓడను వెనక్కి తిప్పాలో, హెలికాప్టర్ అందే దూరం వరకు వేచి ఉండవచ్చో కమాండింగ్ ఆఫీసరుకు స్పష్టంగా చెప్పగలగాలి. ఓడను తిప్పే నిర్ణయం ఆయనదే అయినా, అది ఆధారపడేది ఆ మాట మీదే. నా దృష్టిలో నౌకాదళ వైద్యంలో అసలైన కష్టం రోగం కాదు, దూరం.

అపోహ: నీటి అడుగు నుంచి వచ్చిన డైవర్‌కు కీళ్ల నొప్పులు వస్తే అది అలసటే.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన అపోహ. ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో, కణజాలాల్లో కరుగుతుంది. డైవర్ తొందరగా పైకి వస్తే, గోలీసోడాలో గోలీ నొక్కినప్పటిలా అది బుడగలు కడుతుంది. బుడగ కీలులో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. నొప్పి మాత్ర ఇచ్చి ఇంటికి పంపడం, విమానం ఎక్కించడం రెండూ తప్పే. రోగిని పీడన గదిలో ఉంచి, 18 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో ఆక్సిజన్ ఇస్తూ నెమ్మదిగా బయటకు తీసుకురావాలి. సాధారణంగా దీనికి దాదాపు 5 గంటలు పడుతుంది.

అపోహ: ఈ కొలువుకు పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల (ఏఎఫ్‌ఎంసీ)లో చదవడమొక్కటే మార్గం.

వాస్తవం: ఏ గుర్తింపు పొందిన కళాశాలలో ఎంబీబీఎస్ చదివినా షార్ట్ సర్వీస్ కమిషన్‌కు, అంటే పరిమిత కాలపు అధికారి కొలువుకు, దరఖాస్తు చేయవచ్చు. అది తొలుత 5 ఏళ్లు, పొడిగిస్తే మొత్తం 14 ఏళ్లు. వైద్య సేవ మూడు దళాలకూ ఉమ్మడిది కనుక దళం మారే వీలూ ఉంటుంది. 2024 అక్టోబరు 1న ఈ సేవలకు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయిన సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరిన్ మూడు దళాల్లోనూ పనిచేశారు. నర్సింగ్ అధికారులది మిలిటరీ నర్సింగ్ సర్వీస్. నౌకాదళ ఆసుపత్రిలో ఉన్నా వారికి సైన్యపు (ఆర్మీ) హోదాలే ఉంటాయి. వార్డులోని నర్సింగ్ కెప్టెన్‌కూ, ఓడ నడిపే నౌకాదళ కెప్టెన్‌కూ హోదాలో చాలా అంతరం ఉందని కొత్తగా వచ్చిన రోగులకు విడమరచి చెప్పవలసి వస్తుంది.

అపోహ: నావికులకు సముద్రంలో వాంతులు రావు.

వాస్తవం: వస్తాయి, వైద్యుడికీ వస్తాయి. చాలామంది రెండు మూడు రోజుల్లో అలవాటుపడతారు. మాత్ర మాత్రం ఓడ రేవు దాటకముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగింది కడుపులో నిలవదు.