బీకన్ ఆగే చోట కడ్డీ మొదలు

2025 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున ఉత్తరాఖండ్‌లోని మానా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ క్యాంపు మీద మంచుచరియ విరిగిపడింది. చిక్కుకున్న 54 మంది కార్మికుల్లో 46 మందిని కాపాడగలిగారు, 8 మంది చనిపోయారు. హిమాలయాల్లో మంచు జారినప్పుడల్లా వచ్చే ప్రశ్నే ఇక్కడా వస్తుంది: అందరి ఒంటి మీదా బీకన్, అంటే మంచులో కూరుకుపోయినా సంకేతం పంపే చిన్న పెట్టె, ఉండి ఉంటే? కొనేసి పంచితే సరిపోతుందని ఒక వర్గం అంటుంది. బీకన్ ఒక్కటే ఎవరినీ బయటికి తీయదని మంచులో శిక్షణ ఇచ్చేవాళ్లు అంటారు.

1968లో అమెరికాలోని బఫెలోలో మొదటి బీకన్ ఎలా తయారైందన్నది చాలాచోట్ల దొరికే కథే, వదిలేద్దాం. ఛాతీకి కట్టుకునే ఈ చిన్న పెట్టె 457 కిలోహెర్ట్జ్ మీద దాదాపు సెకనుకోసారి సంకేతం పంపుతుంది. పైన మిగిలినవాళ్లు తమ పెట్టెను వెతికే వైపు తిప్పి దాన్ని పట్టుకుంటారు. నేటి గొడవ అర్థం కావాలంటే అసలు చూడాల్సింది 1997.

అప్పటిదాకా బీకన్‌లో యాంటెనా ఒక్కటే. చెవికి వినిపించే బీప్ పెరుగుతుందా తగ్గుతుందా అని వింటూ, వాల్యూమ్ తగ్గించుకుంటూ, అటూ ఇటూ తిరిగి చోటు కనిపెట్టాలి. చేయి తిరిగినవాళ్లకే చేతనయ్యే పని. అందుకే మంచులో గుచ్చి మనిషిని వెతికే ప్రోబ్ కడ్డీకీ పాత శిక్షణలో చోటుండేది. 1997లో రెండు యాంటెనాల డిజిటల్ బీకన్ మార్కెట్లోకి వచ్చింది. తెర మీద బాణం, పక్కన దూరం చెప్పే అంకె, అంతే. కొత్తవాళ్లు కూడా గబగబా దగ్గరికి చేరుకోగలిగారు. తర్వాత మూడో యాంటెనా వచ్చి, లోతుగా కూరుకుపోయినవారి దగ్గర తప్పుడు చోట సంకేతం బలంగా కనిపించే బెడదను చాలావరకు తీర్చింది. అంతా మంచికే. కానీ నా ఉద్దేశంలో కడ్డీ సంచి అడుక్కు జారిపోయింది అప్పుడే. బాణం ఉండగా గుచ్చి చూడడం ఎందుకు అన్న ధోరణి పెరిగింది.

ఆ ధోరణి పొరపాటు. ఎందుకంటే, ఆ బాణం తిన్నగా మనిషి వైపు చూపించదు. బీకన్ సంకేతపు అయస్కాంత క్షేత్రం వంపు తిరిగి ఉంటుంది, బాణం ఆ వంపునే పట్టుకుని నడిపిస్తుంది. అంకె కూడా టేపు పెట్టి కొలిచిన మీటర్లు కాదు. చివర్లో బీకన్‌ను మంచుకు ఆనించి, ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ జరిపి అతి తక్కువ అంకె వచ్చే చోటు పట్టుకోవాలి. మనిషి మీటరున్నర లోతులో ఉంటే అంకె సున్నాకు రానే రాదు. అక్కడితో బీకన్ పని అయిపోతుంది. పారతో తవ్వడం మొదలుపెట్టే ముందు మనిషి కచ్చితంగా ఎక్కడో, లోతు ఎంతో తెలియాలి. చోటు అర మీటరు తప్పినా మనిషి పక్కన గుంత తవ్వినట్టే, గట్టిపడ్డ ఆ మంచు సిమెంటులా ఉంటుంది.

కడ్డీ పని అక్కడ మొదలవుతుంది. తక్కువ అంకె వచ్చిన చోట మొదటి పోటు, అక్కణ్నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో సుడి తిరుగుతూ మిగతావి. కడ్డీని మంచు ఉపరితలానికి లంబంగా దించాలి, వాలు మీద ఇది చాలామంది తప్పుతారు. మెత్తగా, కాస్త వెనక్కు తోసినట్టు తగిలితే మనిషి. తగిలాక కడ్డీని లాగకూడదు, అలాగే వదిలేసి వాలు కిందివైపు నుంచి దాని దిశగా తవ్వుకుంటూ రావాలి.

ఈ రెండింటినీ ఒక్కటి చేసే ప్రయత్నం కూడా జరిగింది. ఆస్ట్రియాకు చెందిన పీప్స్ కంపెనీ ఐప్రోబ్ పేరుతో ఒక కడ్డీ తెచ్చింది. దాని కొనలోనే రిసీవర్ ఉంటుంది, బీకన్‌కు దగ్గరయ్యేకొద్దీ బీప్ మారుతుంది, బాగా దగ్గరైతే ఆగకుండా మోగుతుంది. ఆ కంపెనీ బీకన్లలో కొన్నిటికైతే దొరికినవారి సంకేతాన్ని ఆపేసి, పక్కన కూరుకుపోయిన రెండోవారిని వెతకడం సులువు చేస్తుంది. తెలివైన ఆలోచనే. అయితే దీనికీ బ్యాటరీ కావాలి, ఇది పసిగట్టేదీ బీకన్‌నే. పెట్టె కట్టుకోని మనిషి విషయంలో ఇదీ మామూలు కడ్డీయే.

తొందర ఎంతన్నది 2024లో వచ్చిన స్విట్జర్లాండ్ లెక్కలు చెబుతాయి. 1981 నుంచి 2020 దాకా ప్రమాదాలను చూస్తే, పది నిమిషాల్లోపు తీసినవారిలో 91 శాతం మంది బతికారు. అరగంటకు అది 31 శాతానికి పడిపోయింది. పక్కనున్న తోటివారు బయటికి తీయడానికి పట్టే సమయం ఆ నలభై ఏళ్లలో 15 నిమిషాల నుంచి 10కి తగ్గింది. బయటి నుంచి సహాయక బృందం వచ్చి తీయడానికి మాత్రం 153 నిమిషాల నుంచి తగ్గి కూడా 90 పడుతోంది. బీకన్ కొనాలనేవాళ్లు ఆ 91 శాతాన్ని చూపిస్తారు, సరైనదే. కానీ ఆ పది నిమిషాలూ బీకన్, కడ్డీ, పార మూడూ వాడడం వచ్చిన తోటివారివి. బీకన్ లేని మనిషి కోసం ఇరవై మంది వరసకట్టి హెక్టారు మేర కడ్డీలు గుచ్చుకుంటూ పోతే, ఎక్కువ ఎడం పెట్టి గుచ్చినా నాలుగు గంటలు పడుతుందని పాత శిక్షణ లెక్క.

లోతు సంగతీ ఉంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ పోస్టు దగ్గర పదిమంది సైనికులు కూరుకుపోయారు, వారిలో ఒకరు మన కర్నూలు జిల్లావాసి. ఆరు రోజుల తర్వాత కర్ణాటకకు చెందిన హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికినప్పుడు ఆయన మీద పాతిక అడుగులకు పైగా మంచు ఉంది. ఫిబ్రవరి 11న ఆస్పత్రిలో చనిపోయారు. మామూలు ప్రోబ్ కడ్డీ మూడు మీటర్లు, అంటే పది అడుగులు. అలాంటి చోట రాడార్లు, కుక్కలు, మంచు కోసే యంత్రాలు తప్ప దారి లేదు.

మానా అలా కాదు, అక్కడ కంటైనర్లలో ఉన్నవాళ్లు బిహార్, ఉత్తరప్రదేశ్, పంజాబ్ లాంటి చోట్ల నుంచి పనికి వచ్చిన కూలీలు. పొద్దున్నే పక్క మీంచి లేచే మనిషి ఒంటి మీద బీకన్ ఉంటుందా అన్నది మొదటి సందేహం. ఉందనుకుందాం. పక్కవాడు కూరుకుపోయినప్పుడు ఆ పది నిమిషాల్లో కడ్డీ పట్టాల్సింది కూడా ఆ కూలీలే, వాళ్ల చేత ఆ సాధన పని గంటల్లో చేయిస్తారా, కూలి కట్టిస్తారా అన్నది కొనుగోలు గురించిన మాటల్లో వినబడదు.